ప్రార్థన బోరింగు

మా నాయిన ప్రార్థన చేసి బండరాయిలోంచి నీళ్లు తెప్పించాడని నకిరేకల్ నుంచి తిరుమలగిరి దాకా మా క్రైస్తవ సంఘాల వాళ్లందరూ చెప్పుకునేవాళ్లు. అలాంటి మనిషికి కూతురిగా ఉండటం ఎంత భయమో మాత్రం ఎవరూ చెప్పుకోలేదు. నాయిన నన్ను ఏనాడూ కొట్టలేదు, గట్టిగా కసిరింది కూడా లేదు. అయినా ఆయనంటే నాకు హడల్. ఆయన మాట దేవుడు వింటాడని కళ్లారా చూశాను కదా, నా మనసులో ఉన్నదంతా దేవుడు తిరిగి ఆయన చెవిలో ఊదేస్తాడేమో అని నా బెంగ. ఒకసారి పక్కింటివాళ్ల జామకాయ తెంపి తిన్నాను. ఆ రోజు పొద్దంతా నాయిన ఎదుట పడకుండా ఇంటి వెనకే తిరిగాను. దేవుడికి వేరే పని లేదా అన్న ఆలోచన అప్పట్లో రాలేదు.

నాయిన మా వాడలోని చిన్న మందిరానికి కాపరి. అందరూ ఆయనను అయ్యగారు అనేవాళ్లు, అమ్మను పాస్టరమ్మ అనేవాళ్లు. పిలుపులు ఘనమే కానీ మాది రెండు గదుల రేకుల ఇల్లు. వారంలో ఆరు రోజులు ఇద్దరూ అందరితో పాటు కూలికి పోయేవాళ్లు.

ఆ రోజుల్లో మా వాడకు సొంత నీళ్లు లేవు. ఊరి మంచినీళ్ల బావి ఉండేది కానీ దాని గట్టు మేం ఎక్కకూడదు. కింద బిందెలు పెట్టుకుని నిలబడాలి. పైన చేదుకునేవాళ్లలో ఎవరికి దయ పుడితే వాళ్లు పోస్తారు. కొన్ని రోజులు తెల్లారి నిలబడితే ఎండ నెత్తికెక్కేదాకా ఎవరికీ దయ పుట్టేది కాదు. అమ్మ కడుపుతో ఉన్నప్పుడు కూడా అలాగే నిలబడింది. ఇప్పుడు ఎవరైనా ఆ రోజులే బాగుండేవి అంటే నాకు ఒళ్లు మండుతుంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు రెండేళ్లు వరసగా వానలు ఎగ్గొట్టాయి. పట్నంలోని సంఘ పెద్దలు మా వాడకు ఒక బోరు వేయిస్తామన్నారు. జాగా మీరే చూపండి అన్నారు. వేపపుల్ల పట్టుకుని నీళ్లు చూసే మనిషిని పిలుద్దామని మావాళ్లు అంటే నాయిన వద్దన్నాడు. మూడు రోజులు ఉపవాసం ఉండి మందిరం వెనక మోకరించాడు. మూడో రోజు మధ్యాహ్నం లేచి, తన మోకాళ్ల గుర్తులు ఉన్న చోటే గుంజ పాతాడు.

లారీ వచ్చి తవ్వకం మొదలుపెట్టింది. రెండు వందల అడుగులు దాటినా తెల్లటి రాతి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. చూడటానికి వచ్చిన ఊరివాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. లారీ మేస్త్రీ ఇక లాభం లేదని పైపులు తీయబోయాడు. నాయిన ఆయన చేయి పట్టుకుని ఇంకొక్క పైపు దించమని బతిమాలాడు. ఆ ఒక్క పైపుతో నీళ్లు పడ్డాయి. పడటమంటే మామూలుగా కాదు, మా అందరి తలల మీద వానలా కురిశాయి. అక్కడున్నవాళ్లందరూ బురదలోనే మోకాళ్ల మీద పడ్డారు. నాకు సంతోషం కంటే వణుకు ఎక్కువ పుట్టింది. ఇంత దగ్గరగా ఉన్నాడా దేవుడు అనుకున్నాను.

చేతి పంపు బిగించాక దానికి ప్రార్థన బోరింగు అని పేరు పడింది. రెండు నెలలకు చెల్లె పుట్టింది. నీళ్లు పడిన తర్వాత మా వాడలో పుట్టిన మొదటి బిడ్డ అదే. తల్లిపాల కంటే ముందు దాని నోట్లో ఆ నీళ్లు మూడు చుక్కలు వేశారు. అప్పటినుంచి అది ఆనవాయితీ అయింది. వాడలో ఎవరికి బిడ్డ పుట్టినా మొదట ఆ నీళ్లే. జ్వరమొస్తే ఆ నీళ్లు, కడుపునొప్పికి ఆ నీళ్లు, ఆదివారం ఆరాధన అయ్యాక ప్రతి ఒక్కరూ పంపు దగ్గర దోసిలి పట్టి ఒక గుక్క. ఇతర ఊళ్ల నుంచి సీసాలు పట్టుకుని వచ్చేవాళ్లు. నాయిన ఎక్కడ ప్రార్థన కూటాలకు పోయినా బోరింగు సాక్ష్యం, అంటే ఆ నీళ్లు పడిన కథ, చెప్పకుండా పంపేవాళ్లు కాదు. చెప్పి చెప్పి ఆయనకూ అది అలవాటైంది. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆపితే జనం స్తోత్రం అంటారో నాకు కంఠతా వచ్చేసింది.

ఆ నీళ్లు చల్లగా, తియ్యగా ఉండేవి. ఇప్పుడు తలుచుకుంటే నన్ను ఎక్కువ భయపెట్టేది అదే. కాస్త చేదుగా ఉన్నా బాగుండేది.

ఎనిమిదో తరగతి నుంచి నన్ను నల్లగొండలో హాస్టల్లో ఉంచారు. సెలవులకు ఇంటికి వచ్చేదాన్ని. రోజూ చూసేవాళ్లకు కనపడనిది నెలల తర్వాత చూసేవాళ్లకు కనపడుతుంది. పదో తరగతికి ముందు వేసవి సెలవుల్లో చెల్లె పరుగెత్తుకుంటూ ఎదురొచ్చింది. అప్పటికి దానికి అయిదు నిండి ఆరో ఏడు. పరుగులో దాని మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, పాదాలు ఎడంగా పడుతున్నాయి. నిలబెట్టి రెండు మోకాళ్లూ ఆనిస్తే చీలమండల మధ్య నా మూడు వేళ్లు పట్టాయి. పిల్ల బక్కగా ఉంది, అదే సర్దుకుంటుందిలే అని అమ్మ కొట్టిపారేసింది. నేనూ సరే అనుకున్నాను. సరే అనుకోవడం ఎంత హాయో.

అమ్మ మాత్రం లోపల కంగారు పడినట్టుంది. తనకు తెలిసిన మందు తను మొదలుపెట్టింది. పొద్దున్నే పరగడుపున చెల్లెకు ఒక చెంబెడు బోరింగు నీళ్లు తాపి, అవే నీళ్లతో దాని మోకాళ్లు రుద్దుతూ ప్రార్థన చేసేది. సాయంత్రం మళ్లీ ఒక చెంబు. అందరు పిల్లలూ దాహమేస్తేనే తాగేవాళ్లు. మా చెల్లె దాహం లేకున్నా తాగేది. మిగతా ఇళ్లలోనూ అంతే, ఎవరి నమ్మకం గట్టిదో వాళ్ల పిల్లలే ఎక్కువ తాగారు.

జూలైలోనో ఆగస్టులోనో మా సైన్సు సారు క్లాసులో ఒక పని చెప్పాడు. ఆయన ముస్లిం. శుక్రవారం నమాజుకు పోయి వచ్చి మాకు పాఠం చెప్పేవాడు. మన జిల్లాలో కొన్ని చోట్ల భూమిలోపలి నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుందని, చిన్నప్పటి నుంచి అవి తాగితే పళ్లకు గార పడుతుందని, ఎముకలు వంగుతాయని చెప్పాడు. ఎవరి ఊరి నీళ్లు వాళ్లు సీసాలో తెస్తే చూద్దామన్నాడు. ఆయన దగ్గర ఒక మందు ఉండేది. నీళ్లలో ఆ మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు నిలిచినవి మంచివి, పసుపుపచ్చగా మారినవి చెడ్డవి.

ఎముకలు వంగుతాయి అన్న మాట వినగానే చెల్లె మోకాళ్లు కళ్లముందు కదిలాయి. వెంటనే దాని వెనక రెండో భయం వచ్చింది. దేవుడు ఇచ్చిన నీళ్లను సీసాలో పోసి పరీక్ష పెట్టడమంటే దేవుడికే పరీక్ష పెట్టడం. ఆ వారం ఊరి నుంచి ఎవరో వస్తూ అమ్మ పంపిన బోరింగు నీళ్ల సీసా తెచ్చారు. పరీక్షలు బాగా రాయాలని నా కోసం పంపింది. నేను ఆ నీళ్లు హాస్టల్ వెనక పారబోసి, అదే సీసాలో హాస్టల్ నల్లా తిప్పి ఆ నీళ్లు పట్టుకుని సారుకు ఇచ్చాను. నల్లా నీళ్లు అంతకు ముందే పరీక్షించారు, అవి మంచివని నాకు తెలుసు.

సీసా గులాబీ రంగులో నిలిచింది. మీ ఊరి నీళ్లు బంగారం అన్నాడు సారు. చుట్టూ ఉన్నవాళ్లు నన్ను చూసి కుళ్లుకున్నారు. నేను నవ్వాను. దేవుడిని కాపాడానని అనుకున్నాను. దేవుడిని కాపాడటానికి అబద్ధం ఎందుకు కావలసి వచ్చిందో అని అడగడానికి పదిహేనేళ్ల బుర్ర చాలలేదు, లేదా చాలినా ధైర్యం చాలలేదు.

దసరా సెలవులకు వచ్చేసరికి చెల్లె చీలమండల మధ్య బెత్తెడు పట్టింది. ఆ పదిహేను రోజులు నేను కళ్లు మూసుకుందామన్నా మూసుకోలేకపోయాను. వాడలో పిల్లలు నవ్వితే పళ్లు చూసేదాన్ని. బోరింగుకు ముందు పుట్టి పెరిగిన నా ఈడువాళ్ల పళ్లు తెల్లగా ఉన్నాయి. అది పడేనాటికి పసివాళ్లుగా ఉన్నవాళ్లకు, తర్వాత పుట్టినవాళ్లకు, పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్న చోట, సున్నం మరకలు, అంచుల్లో పసుపు గార. పంపుకు నాలుగిళ్ల అవతల ఇంకో ఇద్దరు పిల్లలు మా చెల్లెలాగే నడుస్తున్నారు. ఊరి బావి నీళ్లు తాగే పిల్లలు బాణాల్లా ఉరుకుతున్నారు. మమ్మల్ని గట్టు కింద నిలబెట్టిన వాళ్ల పిల్లలకు ఏమీ కాలేదు, మోకాళ్ల మీద పడి అడుక్కున్న మా పిల్లలకు అయింది. ఈ లెక్క తేలినప్పుడు నాకు కలిగిన భయం ఇప్పటికీ మాటల్లో పెట్టలేను. నరకం గురించి నాయిన చెప్పిన ప్రసంగాలన్నీ దాని ముందు దిగదుడుపే.

అయినా నేను నోరు తెరవలేదు. పొద్దున అమ్మ కూలికి తొందరగా పోయిన రోజుల్లో చెల్లెకు చెంబు ఇచ్చే పని నాది. ఇచ్చాను. నాలుగు రోజులో, అయిదు రోజులో. తెలియక కాదు, సగానికి సగం తెలిసే ఇచ్చాను. ఇవ్వకపోతే అమ్మ ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. చెబితే నాయిన వింటాడు. మిగతాదంతా పక్కన పెడితే, నేను చేసింది ఇదీ.

సెలవులు ముగిసిన రోజు సీసా పట్టుకుని పంపు దగ్గరికి పోయాను. నాయిన అక్కడే ఉన్నాడు. హాస్టల్లో దోస్తులకా బిడ్డా అని సంబరంగా అడిగి, నన్ను పక్కకు జరిపి తనే పంపు కొట్టి, మొదటి నీళ్లు పారబోసి, సీసా నిండా నింపి ఇచ్చాడు. బస్సులో ఆ సీసా ఒడిలో పెట్టుకుని నల్లగొండ దాకా ఏడ్చాను.

సారు దగ్గర నిలబడి, మొదట తెచ్చిన సీసా అబద్ధం అని చెప్పాను. ఆయన తిట్టలేదు. మందు చుక్కలు వేశాడు. గులాబీ రంగు ఒక్క క్షణం కూడా ఆగలేదు. పచ్చటి పసుపు.  సార్, ఇవి దేవుని నీళ్లు, మా నాయిన ప్రార్థన చేస్తే పడ్డవి అని ఏదేదో చెప్పేశాను. ఆయన సీసా మూత బిగిస్తూ, "భయపడకు బేటీ. మీ నాయిన దువా మీద, ఆ ప్రార్థన మీద నాకు షక్ లేదు. నేను చూసింది నీళ్లనే" అన్నాడు. ఇంట్లో చూపించమని చిన్న సీసాలో మందు, మూడు గాజు గొట్టాలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. క్రిస్మస్ సెలవుల దాకా అవి నా ట్రంకు పెట్టెలో బట్టల కింద ఉన్నాయి. పాము ఉన్న గదిలో పడుకున్నట్టు పడుకున్నాను ఆ రెండు నెలలూ. ముందే ఉత్తరం రాయొచ్చు కదా అంటే, రాయొచ్చు. రాయలేదు.

క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు ఇంటికి వచ్చాను. అమ్మ లేని సమయం చూసి, మందిరంలో ఒంటరిగా చాపలు దులుపుతున్న నాయినకు అన్నీ చెప్పేశాను. సారు చెప్పింది, పిల్లల పళ్లు, నా దొంగ సీసా, పసుపు రంగు. చెబుతున్నంతసేపూ నేల చూస్తూనే ఉన్నాను. చెప్పడం అయ్యాక పిడుగు పడుతుందని నిజంగానే ఎదురుచూశాను.

నాయిన చాప కింద పెట్టి, సారు ఇచ్చిన గొట్టాలు నా చేతిలోంచి తీసుకున్నాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. నన్ను అక్కడే కూర్చోమని చెప్పి బయటికి పోయాడు. ఎంతసేపటికీ రాలేదు. ఆయన ఊరి బావికి పోయాడని తర్వాత తెలిసింది. ఆరేళ్ల తర్వాత ఆ గట్టు కింద చెంబు పట్టుకుని నిలబడ్డాడు. అయ్యగారూ, మీ దేవుని నీళ్లు ఎండినయా అని పైనుంచి ఎవరో అడిగారట. జవాబు చెప్పకుండా పోసిన నీళ్లు పట్టుకొచ్చాడు. చెరువు నీళ్లు కూడా తెచ్చాడు. మందిరం గోడ అవతల నుంచుని మూడు గొట్టాల్లో మూడు నీళ్లు పోసి, ఏది ఏదో నాకు చెప్పకుండా నా ముందు పెట్టాడు. ఏది ఎక్కడిదో చెప్పు నాయినా అని అడిగాను.

"నువ్వు భయపడ్డది నీకు కనవడొద్దు బిడ్డా. నేను కోరుకున్నది నాకు కనవడొద్దు. మందు నువ్వే ఏసి, రంగు నువ్వే చెప్పు."

వేశాను. రెండు గులాబీ, ఒకటి పసుపు. ఆయన గొట్టాలు కడిగి మళ్లీ గోడ అవతలికి పోయి వరస మార్చి తెచ్చాడు. మళ్లీ రెండు గులాబీ, ఒకటి పసుపు. మూడోసారి నాకు చెప్పకుండా రెండు గొట్టాల్లో బోరింగు నీళ్లే పోశాడు, రెండూ పచ్చబడ్డాయి. మరుసటి రోజు పొద్దున పంపును చాలాసేపు కొట్టి, లోపలి కొత్త నీళ్లు తీసి మళ్లీ చేయించాడు. ఎప్పుడు చూసినా పసుపు తేలింది బోరింగు నీళ్లే. ప్రతిసారీ నేను తప్పు అవ్వాలని మనసులో ప్రార్థన చేశాను. అంత నిజాయితీగా నేను ఇంకెప్పుడూ ప్రార్థన చేసి ఉండను. దేవుడు వినలేదు.

నాయిన మందిరం గడప మీద కూర్చున్నాడు. ఆయన పంపు వైపు చూడకుండా తల దించుకుంటే నాకు పై ప్రాణం పైనే పోయింది. ఈయనకు దేవుడు లేకుండా చేశాను, ఇక ఈయన బతకడు అనుకున్నాను. అప్పుడు నాయిన అన్నాడు.

"నీళ్లు ఇయ్యమని అడిగిన. ఇచ్చిండు. గవి మంచియా కాదా అని నేను అడగలే. మంచియని ఆయన చెప్పలే బిడ్డా. గది నేను చెప్పిన. ఊరూరు తిరిగి చెప్పిన."

క్రిస్మస్ ఆరాధనలో అందరూ బోరింగు సాక్ష్యం కోసం సర్దుకుని కూర్చున్నారు. ఏటా ఆ రోజు అదే చెప్పేవాడు. మందిరం కిక్కిరిసి ఉంది, వేరే ఊళ్లవాళ్లు కూడా వచ్చారు. నాయిన మామూలుగానే మొదలుపెట్టాడు. ఉపవాసం, గుంజ, ఇంకొక్క పైపు. జనం స్తోత్రం అన్నారు. ఆ తర్వాత ఆయన, ఈ నీళ్లు పిల్లల ఎముకలు వంచుతున్నాయి, నా బిడ్డ సారు ఇచ్చిన మందుతో నా కళ్లతో నేను చూశాను, ఇన్నాళ్లూ నేను చెప్పిన సాక్ష్యంలో సగం నా సొంత మాట, దాన్ని ఈ రోజు వెనక్కి తీసుకుంటున్నాను అని చెప్పాడు. బట్టలు ఉతుక్కోండి, వాకిట్లో చల్లుకోండి, తాగవద్దు అన్నాడు. ఎవరూ స్తోత్రం అనలేదు. నేను అమ్మ వెనక ఒదిగి కూర్చుని, ఇప్పుడు అందరూ నా వైపు తిరుగుతారని కొంగు నోట్లో కుక్కుకున్నాను.

సంఘంలో పెద్ద మనిషి ఒకాయన లేచాడు. బోరింగు పడిన రోజు నాయినతో పాటు బురదలో మోకరించినవాడు. ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు ఇంకా భయమేసింది.

"అయ్యగారూ, మళ్ల గా గట్టు కింద నిలవడుమంటవా మమ్ముల?"

 బోరింగు మాకు నీళ్ల కోసం మాత్రమే కాదు, ఎవరి దయా అక్కరలేని బతుకు కోసం. అది నాయినకు తెలియనిదా. రేపు పొద్దున మొదట నేనే నిలబడతాను, నా వెనక ఎవరు వస్తే వాళ్లు రండి అన్నాడు. కొందరు లేచి వెళ్లిపోయారు. వేరే మతం సారు చేతి మందుతో పిల్ల తలకాయ చెడిపోయిందని, దాని మాట విని తండ్రి విశ్వాసం పోగొట్టుకున్నాడని బయట అనుకున్నారు. ఆ తర్వాత నెలలో మూడో వంతు కుటుంబాలు వేరే కాపరిని చూసుకున్నాయి. పంపు పక్క గోడ మీద తాగకూడదని నాయిన సున్నంతో రాస్తే, రెండు సార్లు ఎవరో చెరిపేశారు. ఆయన మూడోసారి రాశాడు.

వాళ్లందరికంటే గట్టిగా నాయిన మాట నమ్మనిది అమ్మ. క్రిస్మస్ రోజు నుంచి నాయినతో మాట మానేసింది. నాయిన బావి నుంచి తెచ్చిన నీళ్లు వంటకు వాడేది కానీ, చెల్లెకు మాత్రం చాటుగా చెంబు నింపేది. రెండో రోజు నేను పట్టుకున్నాను. చెంబు లాక్కోబోతే వదల్లేదు. ఇద్దరం పెనుగులాడితే నీళ్లు సగం మా మీద ఒలికాయి. నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె గొంతు దించి అడిగింది.

"గవి చెడ్డ నీళ్లయితే, నేను దాన్ని ఏం చేసినట్టు బిడ్డా?"

 అమ్మ పట్టుకుని వేలాడుతున్నది దేవుడిని కాదని నాకు అప్పుడు అర్థమైంది. ఆ నీళ్లు మంచివి కాకపోతే తను రోజూ రెండు పూటలా చేసిన పనికి పేరు ఏమిటో ఆమెకు తెలుసు. నాకు కూడా ఆ పేరు తెలుసు, దసరా సెలవుల నుంచి.

నేను హాస్టల్‌కు తిరిగి పోవలసిన రోజు పొద్దున, అమ్మ వచ్చి ఆ మందు సీసా ఇవ్వమంది. ఎందుకని అడిగే ధైర్యం లేక ఇచ్చాను. చుక్కలు ఎన్ని వెయ్యాలో అడిగి తెలుసుకుంది. గొట్టాలు కొంగులో కట్టుకుని ఒక్కతే మందిరం వెనక్కి పోయింది. నా బస్సు టైం అయిపోతున్నా రాలేదు. నేను గుమ్మంలో నిలబడి, ఆమె గొట్టాలు పగలగొట్టి వస్తుందో, ఏడుస్తూ వస్తుందో అని దారే చూశాను. రెండూ కాలేదు. వచ్చి, గొట్టాలు నా చేతికి ఇచ్చి, ఇంట్లో ఉన్న కుండలోని నీళ్లన్నీ వాకిట్లో గుమ్మరించింది. బిందె చంకన పెట్టుకుని ఊరి బావి వైపు నడిచింది. నాయినతో ఆ రోజు కూడా మాట్లాడలేదు, కానీ ఆయన పక్కనే నిలబడింది. ఏడాది తిరిగేసరికి ఎవరి దయ కోసమూ ఆగడం విసుగెత్తి, ఒక పొద్దున తనే గట్టెక్కి చేదుకుంది. మా వాడకూ ఊరికీ గొడవ జరిగింది, మరుసటి రోజు మళ్లీ ఎక్కింది.

నాయిన కాపరిగానే ఉన్నాడు. ప్రార్థనా మానలేదు, కానీ ఆయనకు కొత్త అలవాటు ఒకటి వచ్చింది. ఎవరైనా దేవుడు నాతో ఫలానాది చెప్పాడు అంటే, ఎట్ల తెలిసింది, ఇంకొకసారి చూసినవా అని నెమ్మదిగా అడిగేవాడు. జనానికి చిర్రెత్తేది. ఎట్ల తెలిసింది అయ్యగారు అని పేరు పెట్టి ఎగతాళి చేశారు. నాకు ఆయనంటే ఉన్న హడల్ మాత్రం ఆ గడప మీద కూర్చున్న రోజే పోయింది. మిగిలిన భయమంతా చెల్లె గురించి, నా గురించి.

చెల్లెను నల్లగొండలో డాక్టరుకు చూపించాం. నీళ్లు మార్చడం మంచి పని అయిందని, ఎదిగే వయసు కాబట్టి కొంత సర్దుకుంటుందని, మొత్తం సర్దుకోదని చెప్పాడు. అలాగే అయింది. ఎడమ కాలు చాలావరకు దారికి వచ్చింది, కుడి కాలు రాలేదు. ఇప్పటికీ నడిచేటప్పుడు ఒక పక్కకు ఒరుగుతుంది. అది నవ్వితే నోటికి చేయి అడ్డం పెట్టుకుంటుంది.

నేను టీచరు ఉద్యోగంలో చేరి మూడో ఏడు. చెల్లె ఇంటర్ పరీక్షలు రాసి నా దగ్గరికి వచ్చింది. మధ్యాహ్నం ఇద్దరం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాం. పదేళ్లకు పైగా దాచుకున్న మాట ఆ రోజే ఎందుకు బయటికి వచ్చిందో తెలియదు. ఆ దసరా సెలవుల్లో నాకు అనుమానం ఉండి కూడా నీకు ఆ నీళ్లు తాపాను అని చెప్పేశాను. భయంతో చేశాను, నన్ను ఏమన్నా అను అన్నాను. చెప్పేటప్పుడు మళ్లీ పదిహేనేళ్లదాన్నే అయిపోయాను.

చెల్లె చిక్కుడుకాయ మీద నుంచి తల ఎత్తలేదు.

"నాకు ఎరుకే అక్కా. చెంబు ఇచ్చేటప్పుడు నీ చెయ్యి వణికేది. ఏమో ఉన్నదిరా గీ నీళ్లల్ల అనుకున్న. నువ్వు ఇచ్చినయి నోట్ల పోసుకొని, ఇంటెనకకు పోయి ఊంచేసేదాన్ని. ఒక్క గుక్క గూడ మింగలే." ఈనె పక్కన పడేసి మళ్లీ అంది. "అమ్మ చెయ్యి వణకకపోయేది. అమ్మ ఇచ్చినయన్ని తాగిన."

ఈ మాట నేను అమ్మకు చెప్పలేదు.